విదేశీయుడితో వివాహం: కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి?

దూరతీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను వేరొక దేశానికి చెందిన వ్యక్తిని వివాహం చేసుకోబోతున్నాను. రెండు కుటుంబాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాయి కాబట్టి ఆ వైపు నుంచి బెంగ లేదు. నా బెంగ అంతా కాగితాల గురించే. ఆయన తన దేశంలో ఉన్నారు, నేను నా దేశంలో ఉన్నాను. ఎనిమిది నెలల తరువాత ఆయన దేశంలో చట్టప్రకారం వివాహం చేసుకుని అక్కడే స్థిరపడాలని మా ఆలోచన. దేశాల పేర్లు చెప్పకుండా అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఒక దేశపు చిట్టా కన్నా, ఈ పని నడిచే పద్ధతి ఏమిటో అర్థం చేసుకోవాలన్నది నా ఉద్దేశం.

ఆయనకు ఇదివరకు ఒకసారి వివాహమైంది. విడాకులు మూడో దేశపు కోర్టులో మంజూరయ్యాయి. నాకు ఇదే మొదటి వివాహం. అయితే నా జనన ధ్రువపత్రంలో పేరు ఉండవలసిన గడి ఖాళీగా ఉంది; పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, స్త్రీ అన్న మాట తప్ప అందులో నా గురించి ఇంకేమీ లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, చదువుకు సంబంధించిన పత్రాలన్నింటిలో పొడి అక్షరంగా ఉంది.

అడిగిన ప్రతివారూ ఒక్కో మాట చెబుతున్నారు. ముందు అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లడానికి చేర్చే అధికారిక ధ్రువీకరణ) వేయించమని ఒకరు, ముందు అనువాదం చేయించమని ఒకరు, ఇవన్నీ ఎందుకు, సందర్శక వీసా మీద వెళ్లి పెళ్లి చేసుకుంటే సరిపోతుందని మరొకరు అంటున్నారు. ఏది ముందో ఏది వెనుకో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాత సంతకం

దూరతీరం గారూ, నేను చాలా ఏళ్లపాటు జనన, వివాహ, విడాకుల పత్రాలను అనువదించే పనిలో ఉన్నాను. మీలాంటివారు నా దగ్గరకు సంచి నిండా కాగితాలతో వచ్చేవారు, వాటిలో సగం ఈసారికి పనికిరానివై ఉండేవి. కారణం ఒక్కటే: వారు తమ ఊరి నుంచి బయలుదేరి లెక్క వేసుకున్నారు. లెక్క వేయవలసింది వివాహాన్ని నమోదు చేసే అధికారి బల్ల దగ్గర నుంచి వెనక్కు.

ఎందుకంటే వివాహం ఏ పద్ధతిలో జరగాలన్నది సాధారణంగా అది జరిగే చోటి చట్టం నిర్ణయిస్తుంది. వివాహమాడే అర్హత మీకు ఉందా లేదా అన్నది చాలా దేశాలలో మీ సొంత దేశపు చట్టాన్ని బట్టో, మీరు స్థిరనివాసం ఉన్న దేశపు చట్టాన్ని బట్టో చూస్తారు. అక్కడి రిజిస్ట్రారుకు మీ దేశపు చట్టం తెలియదు, తెలుసుకునే పూచీ కూడా ఆయనది కాదు. ఆ లోటును పూరించడానికే, వివాహానికి ఎటువంటి అభ్యంతరమూ లేదని మీ దేశపు అధికారి ఇచ్చే ధ్రువపత్రం అడుగుతారు; చోటును బట్టి దానిని వివాహార్హత పత్రమనీ, అవివాహిత ధ్రువపత్రమనీ అంటారు. కొన్ని దేశాలు అటువంటి పత్రాన్ని అసలు ఇవ్వవు. అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరులు దాని బదులు తామే ప్రమాణం చేసి అఫిడవిట్ ఇస్తారు, దానిని అంగీకరించాలా వద్దా అన్నది ఎదుటి దేశం ఇష్టం. జర్మనీలో అయితే ఇటువంటి పత్రం ఇవ్వని దేశాలవారు ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానపు అధ్యక్షుడి నుంచి మినహాయింపు పొందాలి. రిజిస్ట్రారు కార్యాలయమే ఆ దరఖాస్తును పంపుతుంది గానీ, దానికి పట్టే వారాలు మీ ఎనిమిది నెలల్లోంచే పోతాయి.

కాబట్టి మొదటి పని ఆయన చేత అక్కడి వివాహ నమోదు కార్యాలయానికి ఉత్తరం రాయించడం. ఇద్దరి పౌరసత్వాలు, ఆయన విడాకుల సంగతి, మీరు ప్రస్తుతం ఉంటున్న దేశం స్పష్టంగా రాసి, ఏయే పత్రాలు కావాలో, ఒక్కొక్కటి ఎన్ని నెలలకు మించి పాతది కాకూడదో, ఏ అనువాదకుడి పని చెల్లుతుందో, ముందస్తు నోటీసు ఎన్ని రోజులో, భాష రానప్పుడు దుబాసీ తప్పనిసరా అన్నది రాతపూర్వకంగా అడగండి. దుబాసీ సంగతి చాలామంది మరిచిపోతారు. చదివే ప్రమాణాలు మీకు అర్థం కావడం లేదని అనిపిస్తే అధికారి ఆ రోజు వివాహాన్నే ఆపగలడు. ఫోనులో చెప్పిన మాట మీద ఆధారపడకండి. వచ్చిన జవాబును అచ్చు తీసి కాగితాలతోపాటు ఉంచుకుంటే, తరువాత కిటికీ దగ్గర వేరొక ఉద్యోగి వేరొక మాట చెప్పినప్పుడు అక్కరకొస్తుంది.

ఆ జాబితా చేతికి వచ్చాక పత్రాలను రెండు కుప్పలు చేయండి. ఎన్నాళ్లున్నా పాతబడనివి, కానీ సంపాదించడానికి ఎక్కువ కాలం పట్టేవి ఒక కుప్ప. త్వరగా దొరికేవి, అయితే గడువు తీరిపోయేవి రెండో కుప్ప. మీ జనన నమోదులో పేరు చేర్పించడం మొదటి కుప్పలోది, ఆయన విడాకుల పని కూడా అంతే. అవివాహిత ధ్రువపత్రం రెండో కుప్పలోది. జర్మనీ అడిగే వివాహార్హత పత్రానికి ఆరు నెలలే ఆయువు. మరికొన్నిచోట్ల మూడు నెలలకు మించి ఒప్పుకోరు. దానిని ఉత్సాహం కొద్దీ ఈ రోజే తెచ్చుకుంటే వివాహం నాటికి చెల్లని కాగితమై కూర్చుంటుంది. జనన నమోదు ఎప్పటికీ మారదు కదా అని ధీమా పడకండి, ఫ్రాన్స్ వంటి దేశాలు దాని నకలు కూడా ఇటీవల తీసినదై ఉండాలంటాయి. అంటే నమోదును ఇప్పుడే సరిచేయించి, నకలు మాత్రం చివరలో తీసుకోవాలి.

విడాకుల విషయంలో తీర్పు ప్రతి ఒక్కటి చాలదు. అప్పీలు గడువు ముగిసిందని, తీర్పు అంతిమమైందని చూపే పత్రం కోర్టు నుంచి విడిగా తీసుకోవలసి ఉంటుంది. మూడో దేశపు విడాకులను ఆయన దేశం గుర్తిస్తుందో లేదో కూడా చూడాలి. యూరోపియన్ యూనియన్ వెలుపల మంజూరైన విడాకులను జర్మనీ చాలా సందర్భాలలో విడిగా గుర్తించిన తరువాతే లెక్కలోకి తీసుకుంటుంది. ఫిలిప్పీన్స్ పౌరులకైతే ఈ గుర్తింపు అక్కడి కోర్టు నుంచే రావాలి. ఆయన దేశం గుర్తించి మీ దేశం గుర్తించకపోతే, అక్కడ మీరు భార్యాభర్తలు, ఇక్కడ ఆయన ఇంకా మొదటి భార్యకు భర్త. ఈ ముడి వివాహమయ్యాక బయటపడితే విప్పడం చాలా కష్టం.

రెండు గడపలు

పాత సంతకం గారు పద్ధతి చెప్పారు, నేను దెబ్బ తిన్న చోటు చెబుతాను. మాది కూడా ఇటువంటి వివాహమే. అపోస్టిల్ అంటే పెద్ద ముద్ర అనుకునేదాన్ని, చేతికి వచ్చాక చూస్తే అది ఒక చదరపు పెట్టె. అపోస్టిల్‌కు ఆధారమైన హేగ్ ఒప్పందంలోని నమూనా ప్రకారం భుజం కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలట. పైన ఫ్రెంచి భాషలో శీర్షిక, అందులోనే 1961 అక్టోబరు 5 అన్న తేదీ, కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన వరుసలు: ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర, ఏ ఊరిలో, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, ఏ సంఖ్య, చివర ముద్ర, సంతకం. అంతే. మీ కాగితంలోని విషయం నిజమని అది ఎక్కడా చెప్పదు. సంతకం పెట్టిన అధికారి నిజంగా ఆ అధికారే అని మాత్రమే చెబుతుంది. అందుకే జనన పత్రంలో తప్పు ఉంటే అపోస్టిల్ ఆ తప్పును సరిచేయదు, తప్పుతో సహా సరిహద్దు దాటిస్తుంది.

మా అపోస్టిల్‌ను విడి కాగితం మీద ముద్రించి, నా జనన పత్రానికి వెనుక పిన్ను కొట్టి, ఆ మూల రెండు కాగితాల మీదా పడేటట్టు ముద్ర వేసి ఇచ్చారు. స్కానింగులో నీడ పడుతోందని ఆ పిన్ను నేనే గోటితో ఊడదీసి, పని అయ్యాక అదే రంధ్రాలలో మళ్లీ గుచ్చాను. బాగానే కుదిరిందని మురిసిపోయాను కూడా. వివాహ నమోదు కార్యాలయంలోని ఉద్యోగిని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, సగం ముద్ర వెంట్రుకవాసి పక్కకు జరిగిందని వేలితో చూపించి, రెండూ వేరుపడిన పత్రాన్ని తీసుకోలేనని మర్యాదగానే వెనక్కు ఇచ్చింది. మళ్లీ నకలు, మళ్లీ అపోస్టిల్, మళ్లీ అనువాదం. ఈ లోపల నా అవివాహిత ధ్రువపత్రం మూడు నెలల గడువు దాటిపోయింది, దానితో వివాహ తేదీ మారింది. పిన్నును ముట్టుకోకండి, నీడ పడితే పడనివ్వండి. ధ్రువపత్రాలకు లామినేషన్ కూడా చేయించకండి; ప్లాస్టిక్ మీద ముద్ర పడదు, సంతకాన్ని పరీక్షించడమూ కుదరదు.

పేర్ల సంగతి కూడా ముందే తేల్చుకోండి. మీ పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే అన్నిచోట్లా ఉండేటట్టు చూసుకుని, తేడా ఉన్న పత్రాలకు ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్ చెల్లుతుందేమో అడగండి. తేదీలు ఇంకొక గొడవ. 03/04 అని ఉంటే కొందరు ఏప్రిల్ 3 అంటారు, కొందరు మార్చి 4 అంటారు. అనువాదంలో నెల పేరును అక్షరాలలో రాయమని నేను పట్టుబట్టాను, ఆ పట్టుదల ఒక్కటే నన్ను కాపాడింది.

మూడోదారి

ఇద్దరి దేశాల్లోనూ ఇంత తలనొప్పి ఉన్నప్పుడు మూడో దేశానికి వెళ్లి వివాహం చేసుకోవడం మేలు కదా? డెన్మార్క్ ఇందుకు పేరుపడింది. అక్కడి కుటుంబ వ్యవహారాల సంస్థకు ముందుగా దరఖాస్తు పంపితే వారు పత్రాలు పరిశీలించి ఒక ధ్రువపత్రం ఇస్తారు, దానికి నాలుగు నెలల గడువు ఉంటుంది, ఆ లోపల ఏ పురపాలక సంఘంలోనైనా వివాహం చేసుకోవచ్చు. మా మిత్రులు ఇలాగే చేసుకున్నారు.

పాత సంతకం

మంచి దారే, కాదనను. ముఖ్యంగా అవివాహిత పత్రం ఇవ్వని దేశాల వారికి. అయితే ఆయన విడాకుల పత్రాలను అక్కడా చూపించాలి, అక్కడికి వెళ్లడానికి ఇద్దరికీ ప్రవేశార్హత ఉండాలి, తిరిగి వచ్చాక ఆ వివాహ పత్రాన్ని ఒకటి కాదు, రెండు దేశాలలో చూపించుకోవాలి. నమోదు గడువులు కూడా ఉంటాయి. జపాన్ పౌరులు విదేశంలో ఆ దేశపు పద్ధతిలో వివాహం చేసుకుంటే మూడు నెలల లోపల తమ ప్రభుత్వానికి తెలియజేయాలి. దూరతీరం గారు ఆయన దేశంలోనే స్థిరపడబోతున్నారు కనుక, అక్కడి రిజిస్టరులో నేరుగా ఎక్కడమే వారికి దగ్గర దారి అని నా అభిప్రాయం.

నిబంధన

వీసా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. వివాహం ఒక వ్యవహారం, నివాసానుమతి ఇంకొకటి, పౌరసత్వం మరొకటి. మూడింటికీ మూడు కార్యాలయాలు, ఒకదాని నిర్ణయానికి మరొకటి కట్టుబడి ఉండదు. సందర్శక వీసా మీద వెళ్లి పెళ్లి చేసుకుంటే సరిపోతుందన్న సలహాను పక్కన పెట్టండి. కొన్ని దేశాలు సందర్శకులను వివాహం చేసుకోనిస్తాయి గానీ అక్కడే ఉండిపోనివ్వవు. కొన్ని అసలు చేసుకోనివ్వవు. బ్రిటన్‌లో వివాహం చేసుకుని తిరిగి వెళ్లిపోయేవారికి ఒక వీసా, చేసుకుని ఉండిపోయేవారికి వేరొక వీసా ఉన్నాయి. ఇంగ్లండులో 28 రోజుల నోటీసు ఇవ్వాలి, విదేశీయుల విషయంలో అధికారులు దానిని 70 రోజుల దాకా పొడిగించవచ్చు. అమెరికా తన పౌరులను వివాహమాడబోయేవారికి ఇచ్చే కె-1 వీసా మీద వెళ్లినవారు అడుగుపెట్టిన 90 రోజుల లోపల, తమ కోసం దరఖాస్తు చేసిన వ్యక్తినే వివాహమాడాలి. మినహాయింపు పొందితే తప్ప, దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒకసారైనా ముఖాముఖి కలుసుకుని ఉండాలి. సరిహద్దు దగ్గర అధికారి ఎందుకు వచ్చారని అడిగితే విహారానికని చెప్పి, వారం తిరగకుండా వివాహ దరఖాస్తు పెట్టినవారి మీద అబద్ధమాడారన్న ముద్ర పడితే, తరువాతి దరఖాస్తులన్నింటినీ అది వెంటాడుతుంది.

మీ ఇద్దరి పరిచయానికి సంబంధించిన ఆధారాలను ఇప్పటి నుంచే తేదీల వరుసలో దాచుకోండి: ప్రయాణ టికెట్లు, కలిసి దిగిన ఫోటోలు, ఉత్తర ప్రత్యుత్తరాలు. వేల కొద్దీ సందేశాలను గుట్టగా పోసే కన్నా నెలకు ఒకటి రెండు చొప్పున ఎంచి పెట్టినది చదివే అధికారికి నచ్చుతుంది. ఆయన విడాకుల సంగతి మీకు ఎప్పుడు తెలిసిందన్న ప్రశ్న కూడా ఇంటర్వ్యూలో రావచ్చు, ఇద్దరి జవాబులూ కలవాలి.

పౌరసత్వం గురించి చాలామందికి పాత భయం ఒకటి ఉంది. అది వట్టి భయం కాదు: 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుణ్ణి వివాహమాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్ని పోగొట్టుకునేది, 1922లో వచ్చిన కేబుల్ చట్టం దానిని చాలావరకు సవరించింది. 1957 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, అందులో చేరిన దేశాలలో వివాహం వల్లగానీ విడాకుల వల్లగానీ భార్య పౌరసత్వం దానంతటదే మారదు. అంటే మీది పోదు, ఆయనది మీకు దానంతటదే రాదు కూడా.

ఆస్తి విషయాన్ని వివాహానికి ముందే మాట్లాడుకోండి. కొన్ని దేశాలలో వివాహం తరువాత సంపాదించినదంతా ఇద్దరి ఉమ్మడి అవుతుంది, కొన్నింటిలో ఎవరిది వారిదే. రెండు పద్ధతుల దేశాల మధ్య కాపురం మారితే ఏ చట్టం వర్తిస్తుందన్నది పెద్ద ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లోని 18 దేశాలలో 2019 జనవరి 29 నుంచి ఉన్న నియమం ప్రకారం, దంపతులు తమలో ఎవరో ఒకరి పౌరసత్వపు చట్టాన్నిగానీ నివాస చట్టాన్నిగానీ రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు; ఎంచుకోకపోతే సాధారణంగా వివాహం తరువాత మొదట కలిసి కాపురమున్న దేశపు చట్టం వర్తిస్తుంది. ఒప్పందం రాసుకునేటట్టయితే మీ భాషలో మీకు విడమరిచి చెప్పే లాయరు మీకు విడిగా ఉండాలి, ఆయన లాయరే ఇద్దరికీ చాలునని సర్దుకోకండి.

దూరతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఆయన నిన్ననే రిజిస్ట్రారు కార్యాలయానికి రాశారు, జనన నమోదులో పేరు చేర్పించడానికి నేను దరఖాస్తు సిద్ధం చేస్తున్నాను. ఇంకొక సందేహం మిగిలింది. వివాహార్హత పత్రాన్ని ఆయన దేశంలో ఉన్న మా దౌత్య కార్యాలయం కూడా ఇస్తుందట. అది అక్కడే దొరుకుతుంది కాబట్టి అక్కడే తీసుకుని అపోస్టిల్ వేయించుకుంటే సమయం కలిసి వస్తుందా? అనువాదం ముందా, అపోస్టిల్ ముందా అన్నది కూడా ఇంకా తేలలేదు.

పాత సంతకం

దౌత్య, కాన్సులర్ అధికారులు ఇచ్చిన పత్రాలకు అపోస్టిల్ వర్తించదు. 1961 నాటి ఒప్పందంలోని మొదటి నిబంధనే వాటిని మినహాయించింది. అటువంటి పత్రాన్ని మామూలుగా అక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరిస్తుంది, కొన్నిచోట్ల ఆ అవసరమూ ఉండదు. కనుక రిజిస్ట్రారుకు రాసిన ఉత్తరంలోనే, మా దౌత్య కార్యాలయపు పత్రం ఒప్పుకుంటారా, దాని మీద ఎవరి ముద్ర కావాలి అన్న వాక్యం చేర్పించండి. ఒప్పుకుంటామంటే అదే తీసుకోండి. గడువు తీరే కాగితం వివాహ స్థలానికి ఎంత దగ్గరలో పుడితే అంత మంచిది.

అపోస్టిల్ కూడా రెండు దేశాలూ ఒప్పందంలో ఉంటేనే పనిచేస్తుంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఉన్నా, కొత్తగా చేరిన దేశం మీద పాత సభ్యదేశం అభ్యంతరం తెలిపితే ఆ ఇద్దరి మధ్య అది అమలులోకి రాదు. ఆ ఒప్పందాన్ని చూసుకునే హేగ్ సదస్సు అనే సంస్థ వెబ్‌సైటులో ప్రతి దేశానికీ ఈ వివరం ఉంటుంది. పాత సలహాలను నమ్మకండి: చైనాలో 2023 నవంబరు 7 నుంచి, కెనడాలో 2024 జనవరి 11 నుంచి మాత్రమే ఇది అమలులోకి వచ్చింది, ఆ రెండు దేశాల గురించి అంతకు ముందు రాసినదంతా ఇప్పుడు తప్పుదారి పట్టిస్తుంది. జపాన్‌లో స్త్రీలకు విడాకుల తరువాత ఉన్న 100 రోజుల నిరీక్షణ కూడా 2024 ఏప్రిల్ 1న రద్దయింది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ఇటువంటి పౌర పత్రాలకు 2019 ఫిబ్రవరి 16 నుంచి అపోస్టిలే అక్కరలేదు.

ఇక అనువాదం. సాధారణంగా అసలు పత్రానికి ముందు అపోస్టిల్ వేయించి, తరువాత ఆ పెట్టెలోని పది వరుసలతో సహా అనువదించాలి, అదీ వీలైతే వివాహం జరిగే దేశంలో ప్రమాణం చేసిన అనువాదకుడి చేత. ఇక్కడ అనువాదం చేయించి తీసుకువెళితే దానికి నోటరీ సంతకం, ఆ సంతకానికి మళ్లీ ఒక అపోస్టిల్ అడిగే కార్యాలయాలు నేను చూశాను. అనువాదకుడికి మీ పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు కూడా ఇవ్వండి, పేరు స్పెల్లింగు ఆయన తన చెవికి తోచినట్టు రాయకుండా ఉంటాడు.

రెండు గడపలు

పిన్ను తీయవద్దని ఆ అనువాదకుడికి కూడా చెప్పండి.